యమున దాటే దారులు

ఆంధ్రదేశం నుండి రైలులో ఢిల్లీకి వచ్చే తెలుగువారికి దారి పొడవునా నదులే తోడు. మంచిర్యాల దగ్గర గోదావరి పలకరిస్తుంది. నర్మదాపురంగా పేరు మారిన హోషంగాబాదు వద్ద నర్మద కనిపిస్తుంది. ధోల్‌పూరు చేరబోయే ముందు లోయల నడుమ చంబల్ ఎదురవుతుంది. వంతెన మీద చక్రాల ధ్వని మారగానే పిల్లలు కిటికీల దగ్గరకు చేరడం, పెద్దలు జేబులో నాణెం కోసం వెదకడం మనందరికీ అనుభవమే. అయితే గమ్యస్థానమైన ఢిల్లీ ఏ నది ఒడ్డున వెలసినదో ఆ నదిని మాత్రం ఆ రైలు దాటదు. ఆగ్రా, మథుర, నిజాముద్దీన్, న్యూఢిల్లీ అన్నీ యమునకు పడమటి ఒడ్డునే ఉన్నవి. రైలు నది పక్కనే వచ్చి, నది ముఖం చూపకుండానే మనలను దించివేస్తుంది.

ఈ కారణం వల్లనేమో, ఏళ్ళ తరబడి ఢిల్లీలో కాపురమున్న మన కుటుంబాలకు సైతం యమునతో చెప్పుకోదగిన పరిచయం లేదు. మయూర్ విహార్, పట్‌పడ్‌గంజ్, నోయిడాలలో నివసించే సోదర ఉద్యోగులు ప్రతిదినం నదిని దాటుతూనే ఉంటారు. కాని నిజాముద్దీన్ వంతెన వారి దృష్టిలో వాహనాలు ఆగిపోయే చోటు మాత్రమే. అందుచేత ఈ పర్యాయం మా శీర్షికలో దూరపు క్షేత్రాలకు పోక, ఊళ్ళోనే ఉన్న వంతెనలను చూసివద్దామని చదువరులను ఆహ్వానిస్తున్నాము.

వంతెనలు చూడడానికి పోవడమేమిటని కొందరికి అనిపించవచ్చు. ఇంగ్లండు ఉత్తర భాగాన టైన్ నది మీద న్యూకాసిల్ అనే పట్టణం ఉన్నది. దాదాపు మైలు దూరంలోనే అక్కడ ఏడు వంతెనలు కనిపిస్తాయి. రాబర్ట్ స్టీఫెన్‌సన్ రూపకల్పన చేసిన 1849 నాటి హైలెవెల్ బ్రిడ్జి, అడ్డంగా తిరిగి ఓడకు దారి ఇచ్చే 1876 నాటి స్వింగ్ బ్రిడ్జి, 1928లో తెరిచిన ఉక్కు కమాను వంతెన, 2001లో వచ్చిన, కనురెప్ప ఎత్తినట్లు పైకి లేచే నడక వంతెన, అన్నీ ఒక చూపులో ఇమిడిపోతాయి. అక్కడికి వచ్చే యాత్రికులు ముందుగా చూసేవి అవే. మనకున్నవి వాటికి తీసిపోయేవి కావు. ఆశ్చర్యమేమంటే, ఆ హైలెవెల్ బ్రిడ్జికి వరుసలో తమ్ముడనదగినది ఒకటి ఢిల్లీలోనే ఉన్నది.

అదే పాత యమునా వంతెన. ఢిల్లీవాసుల మాటలో ‘లోహే కా పుల్’, రైల్వే లెక్కలో 249వ నంబరు వంతెన. ఎర్రకోట వెనుక సలీంగఢ్ కోట నుండి తూర్పుగా సాగుతుంది. ఈ చోటికి పూర్వం నది దాటే సాధనం పడవల వంతెన. వరుసగా పడవలు కట్టి, వాటిపై పలకలు పరచి మార్గం ఏర్పరచేవారు. 1857 మే 11వ తేదీ ఉదయం మీరట్ నుండి వచ్చిన సిపాయిలు ఢిల్లీలో ప్రవేశించినది ఆ పడవల వంతెన మీదుగానే. అది జరిగిన తొమ్మిదేళ్ళకు, 1866లో, ఈస్టిండియన్ రైల్వే ఇక్కడ ఇనుప వంతెన నిలబెట్టింది. కలకత్తా నుండి వచ్చే రైలు మార్గం దీనితో ఢిల్లీ నగరంలో అడుగుపెట్టింది. రైలు పట్టాలు సలీంగఢ్ కోటను చీల్చుకొని పోవడం నేటికీ చూడవచ్చును. కోటను చీల్చి రైలు వేయడంలో ఇంజనీరింగు అవసరం ఎంత, విజేతల అహంకారం ఎంత అన్నది చరిత్రకారులు తేల్చవలసిన విషయం. మా మటుకు మాకు రెండూ కనిపిస్తాయి.

వంతెన పొడవు 2,640 అడుగులు. ఒక్కొక్కటి 202.5 అడుగుల చొప్పున 12 ఖానాలు. మొదట ఒకే లైను ఉండేది, 1913లో రెండవది చేరింది. దీని విశేషం రెండు అంతస్తుల నిర్మాణం. పైన రైలు, కింద బండ్లదారి. న్యూకాసిల్ వంతెనలోనూ ఇదే పద్ధతి. అలహాబాదు వద్ద 1865లో తెరిచిన నైనీ వంతెన కూడా ఇట్టిదే. రాజమండ్రిలో 1974లో వచ్చిన మన రోడ్డు-రైలు వంతెనను ఎరిగినవారు ఇక్కడ ఒక తేడా గమనించగలరు. గోదావరి మీద బస్సు పైన పోతుంది, రైలు కింద పోతుంది. ఢిల్లీలో దానికి తలక్రిందులు. గర్డర్లు ఎటూ లోతుగా ఉండక తప్పదు. ఆ లోతును ఖాళీగా వదలక రెండవ దారికి వినియోగించుకోవడమే ఇందులోని పొదుపు. అయితే దీనికి చెల్లించవలసిన మూల్యం ఒకటున్నది. బండ్లదారి నీటికి బాగా చేరువగా ఉంటుంది. వరద వచ్చిన ప్రతిసారీ ముందుగా మూతపడేది ఆ దారి. నీరు ఇంకా పెరిగితే పైనున్న రైళ్ళనూ ఆపవలసి వస్తుంది.

ఇక్కడ మరొక సంగతి చెప్పాలి. వర్షాకాలంలో వార్తలలో ‘యమున 205 మీటర్లు దాటింది’ అని వింటాము. అది లోతు అనుకొని, అంత లోతైన నదిలో ఏనుగులు సైతం మునిగిపోవునే అని ఆశ్చర్యపోయేవారిని మేము ఎరుగుదుము. అది లోతు కాదు, సముద్రమట్టం నుండి కొలిచిన ఎత్తు. ఈ కొలత చదివేది పాత ఇనుప వంతెన వద్దనే. ఇక్కడ 204.50 మీటర్లు హెచ్చరిక మట్టం, 205.33 ప్రమాద మట్టం, 206 దాటితే లోతట్టు ప్రాంతాలవారిని ఖాళీ చేయిస్తారు. అనగా ఈ వంతెన స్తంభం మీద నీటి గీత ఒక మూర పైకి జరిగిందంటే యమునా బజారులోను, నది మేటలలో కూరగాయలు పండించుకొనేవారి గుడిసెలలోను వంటపాత్రలు సర్దుకొనే వేళ అయినదన్నమాట. ప్రతి ఏడూ రోడ్డు అంచున గుడారాలలో పిల్లలతో, పశువులతో వారు కాలం గడపడం చూసినవారికి ఆ దశాంశ బిందువు తర్వాతి అంకెల విలువ తెలుస్తుంది.

1978 సెప్టెంబరు వరదలో నీరు 207.49 మీటర్లకు చేరింది. నలభై అయిదేళ్ళ పాటు అదే రికార్డు. 2023 జులై 13న అది చెదరిపోయింది. నాటి మట్టం 208.66. నది ఎర్రకోట గోడ దాకా వచ్చింది. షాజహాను కాలంలో ఆ గోడ వెంబడే పారిన నది తరువాత తూర్పుకు జరిగిపోయినది. 2023లో తన పాత ఇల్లు చూసుకొనడానికి వచ్చినట్లు వచ్చి, రింగురోడ్డును, రాజఘాటు పరిసరాలను ముంచివేసింది.

ఇంజనీర్లమైన మనము ఇక్కడ కొంచెం ఆగాలి. 1978లో ఎగువన తాజేవాలా నుండి వచ్చిన ప్రవాహం ఏడు లక్షల క్యూసెక్కులు. 2023లో హథినీకుండ్ నుండి వదిలినది అందులో దాదాపు సగం, మూడు లక్షల అరవై వేల క్యూసెక్కులు. సగం నీటికి ఒక మీటరు అధిక మట్టం! 1978లో గట్లు తెగి నీరు పొలాల మీద పడి విస్తరించిన మాట నిజమే. నాటికీ నేటికీ ఆ తేడా లెక్కలోకి తీసుకోవలసినదే. అయినా అది మొత్తం జవాబు కాదు. వజీరాబాదు నుండి ఓఖ్లా వరకు యమున పారే దూరం సుమారు 22 కిలోమీటర్లు. ఈ కొద్ది దూరంలో బ్యారేజీలు, వంతెనలు కలిపి ఇరవైకి పైగా ఉన్నవి. ప్రతి వంతెనకూ నదిలో స్తంభాలు కావాలి, ఇరువైపులా గట్టు కట్టి నదిని కొంత ఇరుకు చేయక తప్పదు. నిర్మాణం ముగిసిన తరువాత మట్టికట్టలు, శిథిలాలు పూర్తిగా తొలగించకపోతే వాటి చుట్టూ మేట వేస్తుంది. ఒక్కొక్క వంతెన లెక్క విడిగా చూస్తే సరిగానే ఉంటుంది. ఇరవై వంతెనల లెక్క కలిపి చూసేవారు ఎవరు అన్నదే ప్రశ్న.

ఆ వరదలోనే ఐటీవో బ్యారేజి పేరు ఇంటింటా వినిపించింది. వికాస్ మార్గ్ మీద లక్ష్మీనగర్ వైపు పోయేవారంతా దీనిని వంతెన అనుకుంటారు గాని, విజయవాడలో మన ప్రకాశం బ్యారేజి వలె ఇదీ కింద తలుపులు, పైన రోడ్డు గల కట్టడం. మొత్తం 32 తలుపులు. 2023 జులైలో వాటిలో అయిదు పూడికలో కూరుకుపోయి తెరుచుకోలేదు. ఢిల్లీలో ఉన్నప్పటికీ బ్యారేజి నిర్వహణ హర్యానా ప్రభుత్వం చేతిలో ఉండేది. తప్పు ఎవరిదన్న వాదం చాలా రోజులు నడిచింది. చివరకు నావికాదళపు గజ ఈతగాళ్ళు దిగి పూడిక కదిలించి, క్రేన్లతో తలుపులు లేపవలసి వచ్చింది. మన కర్మాగారాలలో ఏడాదికొకసారి కూడా వాడని వాల్వును నెల నెలా తిప్పి చూడమని పట్టుబట్టే ఫోర్‌మన్లను కుర్రవారు చాదస్తులని నవ్వుకోవడం కద్దు. ఆ నవ్వేవారిని ఒకసారి ఐటీవో బ్యారేజి మీద నిలబెట్టి ఆ తలుపులు చూపించాలని మాకు కోరిక.

పాత ఇనుప వంతెన పక్కన కొత్త రైలు వంతెన పని 2003లో చేపట్టబడినది. సలీంగఢ్ రక్షిత కట్టడం కావడంతో మార్గం విషయమై పురావస్తు శాఖ అభ్యంతరాలు వచ్చి, పని ఏళ్ళ తరబడి సాగింది. రాజమండ్రిలో 1900లో తెరిచిన హేవలాక్ వంతెన, 56 ఖానాలది, పక్కనే కాంక్రీటు కమానుల వంతెన రాగానే 1997లో విశ్రాంతి పొందినది. ఢిల్లీ పెద్దాయన మాత్రం ఆమె కంటే మూడు దశాబ్దాలు ముందు పుట్టి, ఆమె విరమించిన రెండు దశాబ్దాల తరువాత కూడా రైళ్ళను మోస్తూ వచ్చాడు. వంతెనలకు లింగభేదం ఆపాదించినందుకు చదువరులు మన్నింతురు గాక.

ఉత్తరంగా వజీరాబాదు వద్ద ఉన్నది సిగ్నేచర్ బ్రిడ్జి. ఫోటోలు తీసుకొనేవారు ఎక్కువగా పోయే చోటు ఇదే కనుక వర్ణన అక్కరలేదు. అయితే ఇది ఎందుకు వచ్చినదో కొత్త తరానికి తెలియదు. 1997 నవంబరు 18వ తేదీ ఉదయం వజీరాబాదు వద్ద ఇరుకైన పాత వంతెన మీద నుండి ఒక బడి బస్సు యమునలో పడిపోయింది. ఇరవై ఎనిమిది మంది విద్యార్థులు మరణించారు. వెడల్పైన కొత్త వంతెన కావాలన్న మాట ఆ దుర్ఘటనతో గట్టిపడింది. 2010 కామన్వెల్త్ క్రీడలనాటికి పూర్తి కావలసినది 2018 నవంబరులో తెరవబడింది. వ్యయం పదిహేను వందల కోట్ల రూపాయలు దాటింది. బస్సు పడిననాడు బడికి పోయే వయసు పిల్లలు వంతెన తెరిచేనాటికి తమ పిల్లలను బడికి పంపుతున్నారు.

ఆ ఉక్కు స్తంభం ఎత్తు 154 మీటర్లు. కుతుబ్ మీనారు ఎత్తు 72.5 మీటర్లే కనుక దానికి రెట్టింపు కన్న అధికం. ప్రధాన ఖానా 251 మీటర్లు. సాధారణంగా కేబుల్ వంతెనలకు రెండు స్తంభాలుంటాయి, ఇరుపక్కల తీగలు కావడి బద్ద వలె సమంగా తూగుతాయి. ఇక్కడ స్తంభం ఒక్కటే, అదీ ఒక పక్కకు ఉన్నది. మోకు పట్టి బరువు లాగే మనిషి వెనుకకు వాలి కాళ్ళు తన్నిపట్టినట్లు, స్తంభం ముందువైపు తీగలతో రోడ్డును ఎత్తి పట్టుకొని, వెనుకవైపు కొద్దిపాటి బలమైన తీగలతో నేలను పట్టుకొని నిలుస్తుంది. పిల్లలకు ఇది చెప్పాలంటే ఒక తాడు, ఒక ఇటుక చాలు. అక్కడ మా మనవి ఒక్కటే. కారు ఆపి రోడ్డు మధ్యలో ఫోటోలు తీయించుకోవద్దు. ఇంత సొమ్ము ఖర్చుచేసి వెడల్పు చేసినది నిలబడడానికి కాదు.

నిజాముద్దీన్ వంతెన, నోయిడా పోయే డీఎన్‌డీ, గీతా కాలనీ వంతెన, 2002 డిసెంబరులో తొలి మెట్రో నది దాటిన వంతెన, ఇవి రోజువారీ పనివారు. డీఎన్‌డీ 2001లో సుంకపు రోడ్డుగా మొదలై, 2016లో హైకోర్టు తీర్పుతో ఉచితమైనది. దాని ప్రసిద్ధి కట్టడంలో కన్న న్యాయస్థానాలలోనే ఎక్కువ. వీటి మీద పోయేటప్పుడు ఇరుపక్కలా కట్టిన ఎత్తైన ఇనుప వలలు గమనించండి. పూజాపుష్పాలు, విగ్రహాలు ప్లాస్టిక్ సంచులతో సహా కారులోనుండి నదిలోకి విసిరే భక్తులను ఆపడానికి కట్టినవి అవి. గోదావరికి అర్పించే నాణేనికీ ఈ సంచికీ మధ్య భక్తిలో తేడా ఉండకపోవచ్చు. నీళ్ళలో తేడా ఉన్నది. వజీరాబాదు బ్యారేజి దగ్గర తాగునీటికి నదిని దాదాపు పూర్తిగా మళ్ళిస్తారు. వేసవిలో దాని దిగువన యమునలో మనకు కనిపించేది చాలావరకు నజఫ్‌గఢ్ మొదలైన నాలాల నీరే. కనుక విహారానికి వేసవి తగదు. వర్షాలు వెనుకబట్టిన తరువాత, అక్టోబరు తొలి రోజులలో పోయినవారికి నది నదిలా కనిపిస్తుంది.

పెద్ద వంతెనలు చూసిన తరువాత చిన్నవాటిని చూడాలి. ఢిల్లీలో యమునకు చేరే వాగులు ఎన్నో ఉండేవి. వాటిమీద కట్టిన పాత రాతి వంతెనలు మూడింటిని పిల్లలకు లెక్కల పాఠంగా చూపవచ్చు. లోదీ తోటలోని అఠ్‌పులా అక్బరు కాలంలో నవాబు బహాదూరు అనే ప్రముఖుడు కట్టించినది. పేరులో ఎనిమిది ఉన్నది, కమానులు లెక్కిస్తే ఏడే వస్తాయి. నిజాముద్దీన్ వద్ద బారాపులా జహంగీరు కొలువులోని మిహర్ బాను ఆఘా కట్టించినది. పేరు పన్నెండు, కమానులు పదకొండు. ఎందుకిలా అని పిల్లలను అడగండి. కమానులను కాక వాటిని మోసే స్తంభాలను లెక్కిస్తే చిక్కు విడిపోతుంది. అఠ్‌పులాలో నడిమి కమాను పెద్దది, అంచులకు పోయేకొద్దీ చిన్నవవుతాయి. మీద నడిచే దారి కొంచెం విల్లులా వంగి ఉంటుంది. సాయంకాలం నీటిలో దాని నీడ చూడడానికి బాగుంటుంది. లోదీ తోటకు పోయినవారు సమాధులు చూసి దీనిని చూడకుండా తిరిగివస్తుంటారు.

బారాపులా సంగతి వేరు. ఆగ్రా నుండి వచ్చే బాటసారులు, రాజపరివారాలు దీని మీదుగా హుమాయూను సమాధి వైపు సాగేవారు. ఇప్పుడు బారాపులా అంటే అందరికీ స్ఫురించేది 2010 క్రీడల వేళ తెరిచిన పైవంతెనే. నాలుగు వందల ఏళ్ళ అసలు వంతెన దాని దగ్గరలోనే ఉన్నదని టాక్సీవారికి సైతం తెలియదు. దశాబ్దాల పాటు దాని వీపు మీద బజారు నడిచింది. 2024లో దుకాణాలు తొలగించి పురావస్తు శాఖవారు మరమ్మతులు ప్రారంభించారు. కమానుల మధ్య నిలిచిన మినారులు చూడదగినవి. కింద వాగు మాత్రం ఇప్పుడు నల్లని నాలా. ముక్కు మూసుకొని చూడవలసిన సౌందర్యం అది. వాగు దుర్గంధభూయిష్ఠమైన తరువాత వంతెన మీద ఎవరికి గౌరవం ఉంటుంది? దుకాణాలవారిని ఒక్కరినే అనడం మాకు న్యాయంగా తోచదు.

మూడవది సాత్‌పులా. సాకేత్‌లో ప్రెస్ ఎన్‌క్లేవ్ రోడ్డు మీద, ఖిడ్కీ గ్రామానికి చేరువలో ఉన్నది. ఎదుట ఉన్న పెద్ద పెద్ద మాల్స్‌కు ప్రతి శనివారం పోయే మన కుటుంబాలు రోడ్డు దాటితే చాలు. సుమారు 1340 ప్రాంతంలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ తన జహాన్‌పనా నగర ప్రాకారంలో భాగంగా దీనిని కట్టించాడు. నిజానికి ఇది వంతెన మాత్రమే కాదు, నీరు నిలిపే కట్ట. ఏడు ప్రధాన కమానుల నుండి నీటిని పొలాలకు వదిలేవారు. రెండు చివరలా అష్టకోణపు బురుజులలో గదులున్నవి. సూఫీ గురువు నసీరుద్దీన్ చిరాగ్ దెహ్లవీ ఈ నీటితో శుద్ధి చేసుకొన్నాడన్న విశ్వాసం వల్ల ఈ నీరు రోగహరమని పూర్వులు నమ్మేవారు. కమానుల లోపలి పక్క రాతిలో నిలువు గాడులు చూడండి. తలుపులు దించి లేపడానికి తొలిచినవి. తలుపులు ఎన్నడో పోయాయి, నీరూ పోయింది. కట్టకు ఎగువన జలాశయం ఉండిన చోట ఇప్పుడు పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు. ఆదివారం ఉదయం పెందలకడ పోతే ఆట మొదలు కాకముందే గాడులన్నీ తీరికగా చూడవచ్చును. లోపలి మెట్లు అరిగిపోయి ఉన్నవి గనుక పెద్దవారిని చేయి పట్టుకొని దించండి.